అర అంగుళం దూరంలో సేనాపతి

యలమంచిలి మెయిన్ రోడ్డులో, కాండ్రేగుల నూకరత్నం నడిపే లేడీస్ టైలర్ షాపులో, కటింగ్ బల్ల మీద ఒక లక్కబొమ్మ ముప్పై ఎనిమిది రోజులపాటు ఉన్నచోటు నుంచి కదలలేదు. బొమ్మలు తమంతట తాము కదలవు కనుక ఇందులో వింతేముందని ఎవరికైనా అనిపించవచ్చు. అయితే ఆ బొమ్మ కదలకుండా ఉండడానికి పదకొండు మంది ఉద్యోగులు, ఒక జీపు, నలభై ఒక్క పేజీల దస్త్రం అవసరమయ్యాయి. వీటన్నిటికీ మూలకారణం అర అంగుళం. ఆ అర అంగుళాన్ని కొలిచినది నూకరత్నమే. పైగా సరిగ్గా కొలిచింది. ఆమె తప్పుగా కొలిచి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

నూకరత్నం గణితం ప్రధానాంశంగా బి.ఎస్సీ. చదివి, ఆ గణితాన్ని ఇరవై ఏళ్ళుగా జాకెట్ల మీద వినియోగిస్తున్న మనిషి. చంక దగ్గర పావు అంగుళం తేడా వచ్చిందంటే, తొడుక్కునే మనిషి బాగానే ఉందన్నా ఒప్పుకోదు. కుట్టంతా విప్పి మళ్ళీ కుడుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు షాపు మూసి, అదే బల్ల చుట్టూ మరో ఇద్దరితో కలిసి ఒక ఆట ఆడుతుంది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు ఆ కథలో తలొక పాత్ర అయి, తామేం చేయబోతున్నారో నోటితో చెబుతారు. అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథలో యుద్ధం వచ్చినప్పుడు మాత్రం నోటిమాట చాలదు. ఎవరెక్కడున్నారో కంటికి కనబడాలి. అప్పుడు బల్ల మీద టైలర్ సుద్దతో కోటలూ దారులూ గీసి, బొమ్మలు నిలబెట్టి, టేపుతో కొలిచి కదుపుతారు. బల్ల మీద ఒక అంగుళం కథలో అయిదడుగులు.

కథ నడిపేది నూకరత్నం. విశాఖలో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకం చదివి, నియమాలన్నీ తెలుగులో ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది. ఏడో నియమం: ‘ప్రతి పాత్రా తన వంతులో ముప్పై అడుగులు కదలవచ్చు.’ ఎనిమిదో నియమం ఇంకా చిన్నది: ‘ఎటూ తేలకపోతే ముందు అడుగు.’ ఈ ఎనిమిదో నియమంతో ఎప్పుడూ పని పడలేదు కనుక, రాశాక దాన్ని ఎవరూ మళ్ళీ చదవలేదు. రాసిన మనిషి కూడా చదవలేదు.

ఆడేవారిలో ఒకరు శరగడం అప్పలకొండ. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే పనివాడు, అరవై దాటిన మనిషి. బొమ్మలన్నీ ఆయనే అంకుడు కర్రతో చేసి తెచ్చాడు. కథలో ఆయన పాత్ర బంగారి అనే వైద్యురాలు. రెండో మనిషి పైల చిన్నంనాయుడు, యలమంచిలి నుంచి నర్సీపట్నం వెళ్ళే బస్సులో కండక్టరు. కథలో ఆయన సేనాపతి.

“ఇన్ని వేషాలుండగా ఆడవేషం ఎందుకు మావా?” అని నాయుడు మొదటిరోజే ఏడిపించాడు.

“మీరంతా కత్తులట్టుకుని ఎగిరితే కట్లెవడు కడతాడేటి?” అన్నాడు అప్పలకొండ. ఆ మాట తర్వాత నిజమైంది.

ఆషాఢంలో ఒక ఆదివారం కథలో గుహాసురుడనే రాక్షసుడితో యుద్ధం వచ్చింది. రాక్షసుడి బొమ్మ ఇంకా తయారు కాలేదు కనుక నల్లదారం కోను ఆ బాధ్యత తీసుకుంది. రాక్షసుడికీ సైన్యానికీ నడుమ ఒక నది కావాలి. అలమారలో మళ్ల కామేశ్వరి ఇచ్చిన పట్టుముక్క ఉంది. కామేశ్వరిది పక్కవీధి. శ్రావణంలో కూతురి పెళ్ళి. నెమలికంఠం రంగు పెళ్ళిచీర కొని, చీర కొసన ఉన్న ముక్క కత్తిరించి, జాకెట్టు కుట్టమని ఇచ్చింది. ఆ ముక్కను పొడుగ్గా మడిచి బల్ల మీద పరిస్తే కిటికీలోంచి పడే వెలుతురుకు అచ్చం నీళ్ళలాగే మెరిసింది. ఒక గంటలో తీసేస్తాం కదా అనుకుంది నూకరత్నం.

యుద్ధంలో సేనాపతి గాయపడి నది ఒడ్డున కూలాడు. తర్వాతి వంతు రాక్షసుడిది. ఈలోగా వైద్యురాలు చేరి మందు వేస్తే సేనాపతి లేస్తాడు. లేకపోతే అతని కథ అక్కడితో సరి. అప్పలకొండ బొమ్మను పట్టుకున్నాడు. నూకరత్నం టేపు పట్టింది. ముప్పై అడుగులంటే ఆరు అంగుళాలు. వైద్యురాలి అంచు నుంచి సేనాపతి అంచు దాకా ఆరున్నర ఉంది.

“అందదు బాబాయ్. అర అంగుళం తక్కువ.”

“ఎందుకందదమ్మా? ఆరంగుళాల గీత మీద బొమ్మ మడమ పెట్టు. మడమ కాడ్నుంచి ముందుకున్నదంతా మనిషే కదా!”

“బయల్దేరేటప్పుడు ముందంచు నుంచి కొలిచి, చేరేటప్పుడు వెనకంచు నుంచి కొలుస్తానంటే ఎలా? బొమ్మ వెడల్పు ఊరికే కలిసొచ్చేస్తుంది. కుట్టుకి వదిలిన గుడ్డని రెండుసార్లు లెక్కెయ్యమన్నట్టుంది నీ యవ్వారం.”

“లక్కబొమ్మకి ముందేటి, ఎనకేటి? గుండ్రంగా తిప్పిన బొమ్మది. ఏ పక్క చూసినా ముందే.”

చిన్నంనాయుడు మధ్యలో చెయ్యెత్తాడు. “ఒక్క మాట చెల్లెమ్మా...”

“నువ్వు పడిపోయి ఉన్నావన్నయ్యా. వంతు నీది కాదు. ఊరుకో.”

నాయుడు ఊరుకున్నాడు. సాయంత్రం బస్సు డ్యూటీ ఉందని లేచి వెళ్ళిపోయాడు కూడా. మిగిలిన ఇద్దరూ చీకటి పడేదాకా వాదించుకున్నారు. అప్పలకొండ, “కొలిచే మనిషివి నువ్వే, తీర్పు నువ్వే, రాక్షసుడివీ నువ్వే. ఇంకెవడితో సెప్పుకోవాలమ్మా?” అని కండువా దులుపుకున్నాడు.

ఆ మాట నూకరత్నానికి తగిలింది. తన టేపును ఎవరూ ఏనాడూ శంకించలేదు. సందేహం వచ్చిందంటే, తీర్చవలసినది తనకన్నా పై స్థాయి అనుకుంది. బల్ల మీద బొమ్మల్ని కదపకుండా పాతచీర కప్పి, పేపర్లో చూసిన ఒక చిరునామాకు అర్జీ రాసింది.

ఆ చిరునామా బల్లక్రీడల ప్రమాణాల మండలి జిల్లా శాఖది. అంతకు ఏడాది ముందు, బల్లల మీద ఆడే ఆటలన్నీ జాతి సంపద అని పెద్దలు ఉన్నట్టుండి గుర్తించారు. గుర్తించిన వారంలోనే మండలి వెలిసింది. మండలికి గదులున్నాయి, మనుషులున్నారు, జీపుంది. ఫిర్యాదు మాత్రం లేదు. ప్రతి మూడు నెలలకూ పైకి పంపే నివేదికలో ‘అందిన ఫిర్యాదులు: లేవు. పరిష్కరించినవి: అన్నీ’ అని రాస్తుండేవారు. అటువంటి కార్యాలయానికి నూకరత్నం అర్జీ చేరింది. గురువారం ఉదయానికల్లా జీపు షాపు ముందు ఆగింది.

దిగినవారు ప్రమాణాధికారి పరాంకుశం గారు. వెనక నలుగురు సిబ్బంది. ఒకరి చేతిలో దస్త్రం, ఒకరి చేతిలో కొవ్వొత్తి.

“ఫిర్యాదుదారు మీరేనా?”

“ఫిర్యాదు కాదండి. అభిప్రాయం అడిగాను.”

“అభిప్రాయాలకు మా వద్ద దరఖాస్తు నమూనా లేదు. ఫిర్యాదుగా నమోదు చేశాం.” ఆయన పాతచీర తొలగించి, బల్లను చాలాసేపు చూశారు. “వివాదాస్పద స్థలంలో యథాతథ స్థితి కొనసాగించవలసిన అవసరం ఉన్నదని మండలి భావిస్తున్నది. తదుపరి ఉత్తర్వుల వరకు ఈ బల్లపై గల స్థావర, జంగమ వస్తువులను ఎవరూ కదపరాదు.”

నూకరత్నం తేరుకునేలోగా బల్ల చుట్టూ ఎర్రనాడా కట్టి, నాలుగు మూలలా లక్క కరిగించి ముద్రలు వేశారు. బొమ్మ పని మీద వచ్చిన అప్పలకొండ ఒక ముద్రను గోటితో గీరి చూసి, “ఇదేం లక్కండీ? ఎండకి పగిలిపోద్ది. మా ఊరొస్తే మంచిది చూపిస్తాను” అన్నాడు. ముద్రను గీరినందుకు ఆయన పేరు కూడా దస్త్రంలోకి ఎక్కింది.

“సార్, ఇది నా కటింగ్ బల్ల. శ్రావణం పెళ్ళిళ్ళొస్తున్నాయి. ఆ నీలం గుడ్డ కస్టమర్ది. జాకెట్టు కుట్టాలి.”

“ఏ గుడ్డ?”

“అదిగో, నది.”

పరాంకుశం గారు అర్జీ తిరగేశారు. “మీరే రాశారు: ‘నది ఒడ్డున సేనాపతి పడివున్నాడు.’ అర్జీలో నది అని పేర్కొన్నదాన్ని క్షేత్రస్థాయిలో జాకెట్టుగా పరిగణించడం కుదరదు. నదిని కత్తిరించే అధికారం మండలికి లేదు. సంబంధిత కార్యాలయానికి లేఖ రాస్తాం.”

“అయితే అర్జీ వెనక్కి తీసుకుంటానండి.”

“అర్జీ మీది, తీసుకోండి. వివాదం మాత్రం మండలిది. ఆ అర అంగుళం అక్కడ ఉన్నంతకాలం వివాదం ఉన్నట్లే. అర అంగుళం లేదని తేలిననాడు ముద్రలు తక్షణమే తీసివేస్తాం.” ఈ వాక్యాన్ని ఆయన ఎంతో నచ్చినట్టు రెండోసారి చెప్పి దస్త్రంలో రాయించారు. నూకరత్నం దాన్ని తన నోటుపుస్తకంలో కూడా రాసుకుంది.

ఆమె ఇంటి నుంచి పీట తెచ్చుకుని, నేల మీద గుడ్డలు పరిచి కత్తిరించసాగింది. వారం తిరిగేసరికి నడుము పట్టేసింది. ఆ భంగిమలో ఉండగానే కామేశ్వరి వచ్చింది.

“ఏమే రత్నం, నేల మీద పాకుతున్నావేటి? మా పిల్ల జాకెట్టు ఎందాకా వచ్చింది?”

“వస్తోంది వదినా.”

“నడిచొస్తోందా, బస్సెక్కొస్తోందా? పెళ్ళి ఇంకా ఉందిలే అని నువ్వు కూర్చుంటే, ఆ చీరకి వేరే ముక్కెక్కడా దొరకదమ్మా. అందుకే నీ చేతిలో పెట్టాను.” కామేశ్వరి చూపు బల్ల మీదకు మళ్ళబోయింది. నూకరత్నం లేచి అడ్డంగా నిలబడింది. నడుము కలుక్కుమంది. ‘మీ కూతురి జాకెట్టు ప్రస్తుతం నది’ అని చెప్పే బదులు, “వచ్చేస్తుంది వదినా” అంది మళ్ళీ.

ఇరవయ్యో రోజున అనకాపల్లిలోని మండలి కార్యాలయంలో విచారణ జరిగింది. నూకరత్నం, అప్పలకొండ నోటీసులు అందుకుని వెళ్ళారు. చిన్నంనాయుడు నోటీసు లేకుండానే సెలవు పెట్టి వచ్చాడు. పరాంకుశం గారి పక్కన ఒక భాషా నిపుణుడు కూర్చున్నారు. నోటుపుస్తకం సాక్ష్యంగా బల్ల మీద ఉంది.

“మొదటి అంశం,” అన్నారు పరాంకుశం గారు. “ఒక అంగుళం అయిదడుగులతో సమానమని మీ పుస్తకంలో ఉంది. ఇది యథార్థమా?”

“ఆటలో అంతేనండి. మ్యాపులో కొలబద్ద ఉంటుంది చూడండి, అలాగ.”

“మ్యాపు మీద బొమ్మలు కదలవు. కదలిక ఉన్నచోట కొలత యథార్థంగా ఉండాలి. అంగుళం అంగుళమే. అంగుళాన్ని అయిదడుగులుగా చలామణీ చేయడం కొలతను తప్పుదోవ పట్టించడమే. కనుక ఈ నియమాన్ని కొట్టివేస్తున్నాం. రెండవ అంశం: అడుగు.”

భాషా నిపుణులు గొంతు సవరించుకున్నారు. “అడుగు అనగా పన్నెండు అంగుళాల కొలత. అడుగు అనగా నడిచేటప్పుడు వేసే అంగ. అడుగు అనగా పాత్రకో గిన్నెకో కింది భాగం. ఏడో నియమంలో ‘ప్రతి పాత్రా’ అని ఉన్నది గనుక, గిన్నె అడుగును కూడా మనం తోసిపుచ్చలేం.”

“పాత్రంటే కథలో మనిషండీ!” అంది నూకరత్నం.

“సందర్భాన్ని బట్టి అర్థం చెప్పడం మొదలుపెడితే ఏ ప్రమాణమూ నిలవదమ్మా,” అన్నారు నిపుణులు దయగా.

పరాంకుశం గారు బొమ్మల పనివాడి వైపు తిరిగారు. “అడుగు వేయడానికి పాదం అవసరం. సదరు బొమ్మకు పాదాలు ఉన్నవా?”

“లక్కబొమ్మకి కాళ్ళెక్కడివండీ? మిషను మీద కర్ర తిప్పి, తిరుగుతుండగా లక్క పట్టిస్తాం. గుండ్రంగా వస్తాది. పాదాలు కావాలంటే కుంచెతో గీస్తాం.”

“గీసిన పాదాలతో నడవడం సాధ్యమా?”

“తిప్పిన కర్రతో మాత్రం సాధ్యమేటండీ?”

ఈ జవాబును అవిధేయతగా నమోదు చేసి, పదిరోజుల్లోగా బొమ్మకు రెండు పాదాలు సమకూర్చవలసిందిగా ఆదేశించారు. చిన్నంనాయుడు వెనక బెంచీ నుంచి లేచాడు. “సార్, ఒక్క మాట. ఆ పడిపోయిన సేనాపతిని నేనే...”

“మీరు అర్జీదారా?”

“కాదండి.”

“ప్రతివాదా?”

“కాదండి. గాయపడినవాణ్ణి.”

“గాయపడినవారు ఈ వ్యవహారంలో పక్షం కారు. కూర్చోండి.”

కండక్టరుగా ఇరవై ఆరేళ్ళు జనాన్ని కూర్చోమన్న మనిషి, ఆ రోజు తనే కూర్చున్నాడు.

చివరగా ఎనిమిదో నియమం వచ్చింది. ‘ఎటూ తేలకపోతే ముందు అడుగు.’ నిపుణులు దాన్ని మూడుసార్లు పైకి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇది కేవలం నియమం కాదు. ఆశయం. ఎటూ తేలని స్థితిలో కూడా ముందుకే అడుగు వేయాలన్న ఉదాత్త సందేశం ఇందులో ఉన్నది.” పరాంకుశం గారి ముఖంలో ఒక వెలుగు వచ్చింది. మండలికి ఏడాదిగా ఒక కార్యక్రమం లేదు. కార్యక్రమానికి ఒక పేరు లేదు. రెండూ ఒక్క టైలర్ నోటుపుస్తకంలో దొరికాయి.

ఉత్తర్వు ఇలా వచ్చింది: అంగుళం నియమం రద్దయినందున, వైద్యురాలి బొమ్మ ముప్పై యథార్థమైన అడుగులు కదలవలెను. సదరు కదలిక ముప్పై ఎనిమిదవ రోజు, బుధవారం నాడు, ‘ముందు అడుగు’ అనే కార్యక్రమం కింద ప్రజల సమక్షంలో జరుగును. అనంతరం అభ్యంతరాల స్వీకరణకు పదిహేను రోజులు గడువు.

పెళ్ళి ఆ బుధవారం తర్వాతి శుక్రవారం.

నూకరత్నం షాపుకు తిరిగొచ్చి టేపు తీసింది. బల్ల పొడవు ఆరడుగులు. సేనాపతి ఉన్న దిక్కుగా బొమ్మ నుంచి గుమ్మానికి పదకొండు అడుగులు, మురుగుకాలవ అంచుకు పదహారు. ముప్పై అడుగులు పూర్తయ్యే చోటు మెయిన్ రోడ్డు నడుమ తెల్లగీత మీద పడింది. ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది.

“కొలత ఎక్కడ పడితే అక్కడే సత్యమమ్మా,” అన్నారు పరాంకుశం గారు.

“సేనాపతి బల్ల మీదే ఉంటాడు కదండీ. వైద్యురాలు రోడ్డు మీదికి వెళ్ళిపోతే మందెవరికి వేస్తుంది?”

“చికిత్స మా పరిధిలోకి రాదు. మాది కదలిక మాత్రమే.”

“పోనీ ఆ నదైనా...”

“నదుల సంగతి చూసే కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. సదరు నది వారి జాబితాలో లేదట. ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో తెలియజేయమన్నారు. మీ వద్ద సమాచారం ఉంటే పంపండి.”

నది కామేశ్వరి చీరలో పుట్టింది. ఎక్కడ కలుస్తుందో నూకరత్నానికి అప్పటికి తెలియదు.

బుధవారం ఉదయానికి షాపు ముందు షామియానా వెలిసింది. పైన పది అడుగుల బేనరు కట్టారు. దాని మీద ‘ముందు అడుగు’ అని, నోటుపుస్తకంలో ఉన్నట్టే రెండు మాటలూ విడివిడిగా, మూరెడెత్తు అక్షరాల్లో రాయించారు. అప్పలకొండ బొమ్మకు అంకుడు కర్రతో రెండు పాదాలు చెక్కి తెచ్చి దారంతో కట్టాడు. బంగారి ఎవరో పెద్ద మనిషి చెప్పులు తొడుక్కున్నట్టు నిలబడింది.

పదిన్నరకు బొమ్మ కదిలింది. ఒకరు టేపు పట్టారు, ఒకరు బొమ్మను పట్టుకున్నారు, ఒకరు అడుగులు లెక్కపెట్టారు, ఒకరు ఆ లెక్కను ధ్రువీకరించారు. బల్ల అంచు దాటాక చిన్న ఇబ్బంది ఎదురైంది. దూరం మార్చడానికే తప్ప ఎత్తు మార్చడానికి ఉత్తర్వు లేదు. కనుక బల్ల ఎత్తుకు సరిపోయేలా స్టూలు మీద ఇటుకలు పేర్చి, ఆ స్టూలును అడుగడుగునా జరుపుకుంటూ వెళ్ళారు. గుమ్మం దాటారు. కాలవ మీద చెక్క వేసి దాన్నీ దాటారు. పదకొండు గంటలకు వైద్యురాలు బంగారి, మెయిన్ రోడ్డు నడుమ, తెల్లగీత మీద, ఇటుకల మీద నిలబడింది. పరాంకుశం గారు చప్పట్లు కొట్టారు. సిబ్బంది కొట్టారు. అటు రెండు లారీలు, ఇటు ఒక ఆటో, ఒక గేదెల మంద ఆగిపోయాయి.

వాటి వెనక నర్సీపట్నం బస్సు ఆగింది. విజిల్ మోగింది. తర్వాత బస్సు మెట్టు మీంచి చిన్నంనాయుడు దిగాడు, టికెట్ల మిషను మెడలో వేలాడుతుండగా.

“ఏటండీ ఇది? బస్సులో నలభై మందున్నారు!” అంటూ వచ్చి, స్టూలు మీది బొమ్మను గుర్తుపట్టి నిలబడిపోయాడు. “ఓలమ్మో, బంగారీ! నువ్విక్కడున్నావేటి? నాను అక్కడ సచ్చిపోతుంటే!”

జనం నవ్వారు. జనంలో కామేశ్వరి ఉంది. ఆమె నవ్వలేదు. షాపు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల ముద్రల నడుమ మెరుస్తున్న నెమలికంఠం రంగు ముక్కను ఆమె చూడనే చూసింది. నడుం మీద చేతులు వేసుకుని, నూకరత్నం వైపు చూస్తూ నిలబడింది.

నూకరత్నం ఆ చూపు తప్పించుకోవడానికి తల పైకెత్తింది. పైన బేనరు. ముందు అడుగు. తన మాటే. నాలుగేళ్ళ కిందట తన చేత్తో రాసిన మాట. తను ఎందుకు రాసినట్టు? ముందుకు నడవమని కాదు. అడుగులతో దానికి సంబంధమే లేదు. ఆటలో ఏ తగువైనా వచ్చి ఎటూ తేలకపోతే, కొలిచేముందు, వాదించేముందు, ఎదుటి మనిషిని ఒక మాట అడుగు. అంతే. అడగమని రాసుకుంది. రాసుకుని, అడగకుండా అర్జీ పెట్టింది.

ఆమె రోడ్డు మీదికి వెళ్ళింది.

“నాయుడన్నయ్యా! ఆ రోజు నువ్వేదో అనబోయావు. ఏటది?”

“ఇప్పుడా?”

“ఇప్పుడే చెప్పు.”

“ఈయన పక్షం కారు,” అన్నారు పరాంకుశం గారు.

“నేను అడుగుతున్నానండి. మీ బేనరు మీద ఉన్నదదే. ముందు, అడుగు.” ఆమె రెండు మాటల నడుమ ఊపిరి పీల్చుకుని చదివింది. పరాంకుశం గారి వెంట వచ్చిన భాషా నిపుణులు బేనరు వైపు చూశారు. ఆయన పెదవులు ఒకసారి కదిలాయి. తర్వాత కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆ తుడవడం చాలాసేపు సాగింది.

చిన్నంనాయుడు టికెట్ల మిషను పక్కకు జరుపుకున్నాడు. “పెద్ద సంగతేం కాదు చెల్లెమ్మా. అర అంగుళం అంటే మన ఆటలో రెండున్నర అడుగులు కదా. నేను పడిపోయాను గానీ తెలివి తప్పలేదు. మందిచ్చే మనిషి ఎదురుగా వస్తుంటే చెయ్యి చాపనేటి?” అని కుడిచెయ్యి చాపాడు. కండక్టరు చెయ్యి. బస్సు వెనక సీట్లో మనిషికి మధ్యలోంచి టికెట్ అందించగల చెయ్యి.

ఎవరూ చెప్పకుండానే నూకరత్నం టేపు వేసింది. భుజం నుంచి వేలికొస దాకా రెండడుగుల ఏడు అంగుళాలు.

“ఒక అంగుళం ఎక్కువే ఉంది. అందింది బాబాయ్,” అంది.

“అందకేం చేస్తాది? ఆ రోజే అందేది,” అన్నాడు అప్పలకొండ.

పరాంకుశం గారి కంఠం కొంచెం తగ్గింది. “ఇంత ముఖ్యమైన సమాచారాన్ని ముప్పై ఎనిమిది రోజులుగా మండలి దృష్టికి ఎందుకు తీసుకురాలేదు?”

“ఎవరూ అడగలేదండి,” అన్నాడు నాయుడు. “కూర్చోమన్నారు.”

నూకరత్నం నోటుపుస్తకం తెరిచి చూపించింది. “అర అంగుళం లేదని తేలిననాడు ముద్రలు తక్షణమే తీసివేస్తామన్నారు. రెండుసార్లన్నారు.”

వెనక లారీలు హారన్లు మోగిస్తున్నాయి. గేదెలు షామియానా తాళ్ళ వైపు ఆసక్తిగా నడిచివస్తున్నాయి. పరాంకుశం గారు దస్త్రంలో వెతికారు. వాక్యం అక్కడా ఉంది, ఆయన సంతకంతో సహా. వివాదం పరిష్కారమైనట్టు నమోదు చేసి, దాన్ని ‘ముందు అడుగు’ కార్యక్రమం సాధించిన తొలి విజయంగా పైకి నివేదించడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. అందిన ఫిర్యాదులు: ఒకటి. పరిష్కరించినవి: అన్నీ. జీపు వెళ్ళిపోయింది. ముద్రలు ఊడబెరుకుతూ అప్పలకొండ, “చూసేవా, పొడిపొడిగా రాలిపోతంది. నాసిరకం” అన్నాడు. బంగారి పాదాలు విప్పేసి, బల్ల మీద ఆరంగుళాల గీత దగ్గర నిలబెట్టాడు. కథలో సేనాపతి చెయ్యి చాపి మందు తాగి లేచాడు. నర్సీపట్నం బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది.

అందరూ వెళ్ళాక కామేశ్వరి లోపలికొచ్చింది. బల్ల దగ్గర నిలబడి నదిని రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. మడత పడిన చోట సన్నటి గీత. ఒక అంచున సుద్ద మరక.

“ఈ మరకేటి?”

“రాక్షసుడు దిగాల్సిన రేవు వదినా. దులిపితే పోతుంది.” నూకరత్నం తల ఎత్తలేదు. “రేపు సాయంత్రానికి జాకెట్టు ఇచ్చేస్తాను. ఇదిగో, ఇప్పుడే కత్తిరిస్తున్నాను.”

“కత్తిరిస్తావులే. నా గుడ్డ తీసి ఇక్కడ పరిచేముందు నన్నో మాట అడిగేవా?”

ఇరవై ఏళ్ళలో అన్నిటినీ కొలిచిన మనిషి, ఆ ప్రశ్న ముందు టేపు మడతపెట్టి పక్కన పెట్టింది. “లేదు వదినా. తప్పే.”

కామేశ్వరి పట్టుముక్కను జాగ్రత్తగా పరిచి, అరచేత్తో మడత సవరించి, కత్తెర తీసి ఆమె చేతికిచ్చింది.

“అడిగుంటే చీర కూడా ఇచ్చేదాన్ని కదే,” అంది. “సముద్రమైపోయేది.”